వాసన రాని మాచిపత్రి

మామ పోయాడని నాకు ఫోన్ చేసి చెప్పింది అత్తే. ఆదోనిలో నా మోటారు వైండింగ్ షాపు షట్టరు అప్పుడే ఎత్తుతున్నాను. "అప్పా, మీ మామ లేడు. కాఫీ తాగి, పెరట్లోకి పోతానని చెప్పులేసుకుంటా గడప కాడ కూలబడినాడు. మల్ల లెయ్యలేదు. పిల్లను తీసుకోని రా" అంది. ఆమె గొంతు వణకలేదు. షట్టరు సగంలో వదిలేసి, నా భార్యకు చెప్పడానికి ఇంటికి నడిచాను.

ఆయన నాకు రెండు వైపుల నుంచీ మామ. మా అమ్మకు తమ్ముడు, నా భార్యకు తండ్రి. ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద చీరలు నేసి నేసి, మోకాళ్లు ఇక గుంటలోంచి లేవమని మొరాయించాక మగ్గం దిగాడు. దిగినవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకోవచ్చు కదా అని అత్త సణుగుతుండేది. ఆయన చదువుకోలేదు. ఒక పీట చంకన పెట్టుకుని పెరట్లో దూరాడు. మామను తలుచుకుందామని కూర్చుంటే నాకు ఆ పెరడు తప్ప వేరే దారి కనిపించడం లేదు. కాబట్టి ఆ పెరటి సంగతే చెబుతాను.

దాని వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. ఒకప్పుడు పడుగు పరుచుకోవడానికి వదిలిన జాగా అది. చీరకు కావలసిన నిలువు దారాలను ఈ చివర నుంచి ఆ చివరకు లాగి కట్టి, గంజి పట్టించి ఆరబెట్టేవాళ్లు. రెండు చివర్లా నాటిన కర్ర గూటాలు ఇంకా అట్లాగే ఉన్నాయి. మగ్గాల పని తగ్గాక ఆ జాగా అత్త చేతికొచ్చింది. గోడవారగా మల్లె, మధ్యలో నిమ్మచెట్టు, ఒక కరివేపాకు, చామంతి మడి, మూలన నీళ్లు కాచే పొయ్యి. కండెలు చుట్టినా, బియ్యం ఏరినా, గోడ అవతలి ఆడవాళ్లతో మాటలు పెట్టుకున్నా ఆమె అక్కడే ఉండేది. ఇల్లు వండడానికీ పడుకోవడానికీ మాత్రమే. మేం పోయినప్పుడు ఆమె పెరట్లో కాక ఇంట్లో కనిపిస్తే, ఒంట్లో బాగాలేదేమోనని ముందు నుదురు తాకి చూసేవాళ్లం.

అంతా మొదలైంది ఒక వినాయక చవితి నాడు. ఊరంతా పత్రి బజార్లో కొంటుంది. మామకు అది నచ్చేది కాదు. దేవుడికి పెట్టే ఆకును మన చేత్తో తెంపి తేవాలని ఆయన పట్టు. తెల్లవారకముందే గంప పట్టుకుని ఆదోని రోడ్డు వెంట పోయి మారేడు, జిల్లేడు, ఉమ్మెత్త, గరిక తెచ్చేవాడు. మాచిపత్రి దగ్గరే ఆయనకు ఏటా ఓటమి. దొరికేది కాదు. ఆ ఏడు మాత్రం గంప నిండా తెచ్చాడు. "సూడప్పా, రోడ్డు పక్కన ఎంత బాగా మొలిసుండాదో! ఈ జనానికి కండ్లు లేవు" అన్నాడు నాతో. చీలికలు చీలికలుగా ఉన్న పచ్చటి ఆకు, కొసల్లో చిన్న చిన్న తెల్లటి పూలు. నేనూ రెండు చేతులా తీసుకుని వినాయకుడి మీద వేసి దండం పెట్టుకున్నాను. రోడ్డు పక్క మొక్కను రోజూ చూస్తాం గానీ, దేవుడి గంపలోకి చేరాక దాన్ని ఎవరు అనుమానిస్తారు?

పూజ అయిపోయాక పత్రిని తొక్కకూడదు. మా ఇళ్లలో దాన్ని తీసుకుపోయి చెట్టు మొదట్లో వేస్తారు. మామ ఆ గంపను భక్తిగా మోసుకుపోయి మల్లె మొదట్లోనూ, చామంతి మడి పొడవునా పరిచాడు. ఎరువూ అవుతుంది, పుణ్యమూ వస్తుంది అన్నాడు. రెండూ రాలేదు.

ఆ తర్వాత పడిన వానలకు నేలకు అతుక్కుని, గుండ్రంగా పరుచుకుని కొత్త మొక్కలు లేచాయి. మామ సంబరం చూడాలి. "దేవునికి పెట్టిన మాచిపత్రి మొలిసిందే!" అని అత్తను పిలిచి చూపించాడు. చామంతికి పోసే నీళ్లలో సగం వాటికే పోశాడు. అత్త ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఏమయ్యా, దీనికి వాసనే లేదే" అంది. నిజమైన మాచిపత్రిని ముట్టుకుంటే చాలు, సాయంత్రం దాకా చేతిని వదలదు. మల్లెదండలో మధ్య మధ్య దాన్ని కట్టేది అందుకే. మామ ఒప్పుకోలేదు. "లేత మొక్క కదే. ముదరనీ. వాసన వస్తాది" అన్నాడు. వారం పోయాక అడిగినా "ముదరనీ" అనే. మా ఇంట్లో ఇప్పటికీ ఏ పనైనా ఆలస్యమైతే, పప్పు ఉడక్కపోయినా, బస్సు రాకపోయినా, ఎవరో ఒకరు "ముదరనీ, వాసన వస్తాది" అంటారు.

తనకు దొరికిన భాగ్యాన్ని ఒక్కడే దాచుకునే మనిషి కాదు. వీధి మూలింట్లో ఉండే టీచరమ్మకు ఒక మొక్క తవ్వి ఇచ్చాడు. ఆమె చర్చికి పోయే మనిషి, పూజ లేదు. "పూజకు కాదమ్మా, దండలో కట్టుకో, వాసనకు" అని ఇచ్చాడు. ఇంకొకటి పగిలిన కుండలో పెట్టుకుని, ఆర్టీసీ బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆదోనికి తెచ్చి అక్కకు, అంటే మా అమ్మకు, ఇచ్చాడు. మా అమ్మ దాన్ని బాల్కనీలో తులసి కోట పక్కన పెట్టింది. మొక్క ముదిరింది. తెల్లగా పూసింది. వాసన రాలేదు.

వచ్చింది అత్త చేతుల మీద దద్దుర్లు. మొదట మణికట్ల దగ్గర, తర్వాత మెడ చుట్టూ, చివరకు కనురెప్పలు ఉబ్బి కళ్లు తెరవలేనంతగా. కొబ్బరినూనె రాశారు, వేపాకు నీళ్లతో కడిగారు. పగలంతా మల్లెల మధ్య కూర్చునే మనిషి పడక మీద కూర్చుని చేతులు గీరుకుంటుంటే చూడలేక, నేను ఆదోనిలో చర్మం డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. మామ కూడా వచ్చాడు.

డాక్టరు చేతులు చూసి, మెడ చూసి, "ఇంట్లో వయ్యారిభామ మొక్క ఉందామ్మా?" అని అడిగాడు.

"ఛ, మా ఇంట్లో ఆ దరిద్రం యాడుంటాది సార్?" అంది అత్త. "మాచిపత్రి ఉండాది."

డాక్టరు కలం కింద పెట్టాడు. "మాచిపత్రి ఆకు తిరగేస్తే అడుగున బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది. రెండు వైపులా పచ్చగా, నూగుగా ఉండి, కాండం మీద నిలువు గీతలుంటే అది వయ్యారిభామే. చేత్తో నలపొద్దు. ఒకసారి తిరగేసి చూడండి" అన్నాడు. ఆ నూగు తగిలినా, పూల పొడి గాలికి వచ్చి తగిలినా కొందరికి ఇట్లాగే అవుతుందనీ, మందు రాసినా మొక్క ఉన్నంతకాలం తగ్గదనీ, పెరడు శుభ్రమయ్యేదాకా ఈమె ఆ ఇంట్లో ఉండొద్దనీ చెప్పాడు. చామంతి, బంతి కూడా దాని చుట్టాలేనట. వాటినీ ముట్టుకోవద్దన్నాడు.

మామ అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి తులసి కోట పక్కన గొంతుక్కూర్చున్నాడు. పుల్లతో ఆకును తిరగేశాడు. పైన పచ్చ, కింద పచ్చ. మా అమ్మ "ఏమిరా?" అంటే, "నువ్వు పక్కకు పోక్కా" అని, చేతికి పాల కవరు తొడుక్కుని మొక్కను వేరుతో సహా లాగి, కుండతో పాటు సంచిలో వేసి మూతి కట్టాడు. "ఇచ్చింది నేనే, పీకేదీ నేనే" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత చాలాసార్లు విన్నాను.

అత్త మా ఇంట్లోనే ఉండిపోయింది. మాది మేడ మీది వాటా. మట్టి అనేది బాల్కనీ కుండీలో తప్ప లేదు. ఆ రోజు మామ ఎమ్మిగనూరుకు బయలుదేరుతుంటే, ఆమె మెట్ల దాకా వచ్చి, "ఏమయ్యా, నా పెరట్లోకి నేను పోలేనా ఇంక?" అని అడిగింది.

"పోతావు" అన్నాడు మామ. "నేను పిలుసుకోని పోతా."

చెప్పినంత సులువు కాలేదు. ముందు కొడవలి పట్టుకుని మొక్కలన్నీ నేలమట్టానికి కోసేశాడు. పది రోజులు తిరక్కుండా ఒక్కో మొదట్లోంచి నాలుగేసి కొమ్మలు లేచి మళ్లీ పూశాయి. పూలతో ఉన్నవాటిని పీకి కుప్పేసి తగలబెట్టాడు. ఆ పొగకు ఆయన కళ్లే వాచాయి, పక్కింటివాళ్లతో మాటలు పడ్డాడు. ఎవరో ఉప్పు నీళ్లు కొట్టమన్నారు. ఇటుకల సందుల్లో, నడిచే బాట మీద అది బాగానే పనిచేసింది. ఆ ఉత్సాహంలో మడుల్లో కూడా కొట్టాడు. కలుపు మాడింది. దాంతో పాటు ఏళ్లనాటి కరివేపాకూ మాడింది. నేను ఆదివారం పోయేసరికి మోడైన ఆ చెట్టు ముందు నిలబడి ఉన్నాడు. "ఉప్పుకు మనోళ్లు, పరాయోళ్లు తెలీదప్పా" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను.

ఆ తర్వాత ఆదివారం పోతే పెరడంతా దారాలు.

పాత పడుగు గూటాలకు నూలు దారాలు కట్టి, పెరడును సన్నటి పట్టెలుగా విడగొట్టాడు. ఒక్కో పట్టె పీట వెడల్పు. "చీరంతా ఒకేసారి సూస్తే తెగిన పోగు కనపడదు. ఒక పట్టె అయిపోయినాకనే ఇంకొక పట్టె" అన్నాడు. ఆ రోజు ఏ పట్టె దగ్గర ఆపితే ఆ గూటానికి ఒక ఎర్ర దారం ముడి వేసేవాడు. మర్నాడు పొద్దున్నే అక్కడి నుంచే మొదలు. పట్టెలో ఒక్క మొలక మిగిలినా ఎర్ర దారం కదిలేది కాదు. వాన కురిసినా, చుట్టాలొచ్చినా, నేను బతిమాలినా.

చూసే పద్ధతి కూడా మగ్గం దగ్గర నేర్చుకున్నదే. పొద్దు అప్పుడే పొడిచేవేళ పీట మీద కూర్చుని, తల నేలకు దగ్గరగా వంచి వెలుతురుకు ఎదురుగా చూసేవాడు. ఏటవాలు వెలుతురులో నేలకు అతుక్కున్న మొలక కూడా నీడ వేస్తుంది. అప్పుడది ముల్లంగి మొలకో వయ్యారిభామో తెలిసిపోతుంది. పూత రాకముందే, ఆ పరుచుకున్న దశలోనే దాన్ని పట్టుకోవాలి. ముందు రోజు సాయంత్రం నీళ్లు చల్లి నేల మెత్తబరిస్తే తల్లివేరు తెగకుండా వస్తుంది. పూత లేనివాటిని గుంతలో పేడతో కలిపి పూడ్చేవాడు. పూత కనిపిస్తే మాత్రం మొక్క మీద మెల్లగా సంచి కప్పి, గింజ రాలకుండా లాగి, ఆ సంచి మూతి బిగించి మిద్దె మీద ఎండకు పడేసేవాడు. నిండు చేతుల చొక్కా, మూతికి తువ్వాలు, మోచేతుల దాకా పాల కవర్లు. చూసినవాళ్లు తేనె పట్టు కొట్టడానికి పోతున్నాడనుకునేవాళ్లు.

నాకూ ఒక పీట వేశాడు. అల్లుడు అత్తారింటికి పోతే మంచం వాల్చి కాఫీ ఇస్తారని లోకం అనుకుంటుంది. నాకు పాల కవర్లు ఇచ్చేవాడు. గోడ మీంచి పక్కింటామె చూసి, "ఏమన్నా, అల్లునితో కలుపు తీపిస్తాండావా? పరువేమన్నా ఉండాదా?" అంది.

"అల్లుడైతే వేళ్లు లేవా?" అన్నాడు మామ, తల ఎత్తకుండానే.

మొదట్లో నేను పచ్చగా కనిపించిందల్లా పీకేవాణ్ణి. ఒకసారి కొత్తిమీర మడి సగం లేపేశాను. మామ కోప్పడలేదు. పక్కకు జరిగి వచ్చి, "పీకేది సులువు. ముందు తిరగేసి సూడు" అన్నాడు. ఆకును పుల్లతో తిరగేసి, అడుగు చూసి, నూగు చూసి, అప్పుడు పట్టుకోవాలి. "నేను ఆ పొద్దు గంపలో ఏసుకునేటప్పుడు ఒక్కసారి తిరగేసి సూసింటే మీ అత్త ఈడ్నే ఉండేది" అన్నాడు. దాని మీద ఆయన అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ మాట్లాడలేదు. షాపులో ఇప్పుడు ఎవరైనా మోటారు తెచ్చి కాలిపోయిందని చెబితే, నేను ఆ మాట విని వెంటనే తీగ విప్పను. తిరగేసి చూస్తాను. అది ఆయన పెట్టిన అలవాటు.

మూలింటి టీచరమ్మ దగ్గరకు పోవడానికి మాత్రం ఆయన చాలా రోజులు వెనకాడాడు. నన్ను తోడు రమ్మన్నాడు. ఆమె మొక్కను వాకిట్లో తొట్టిలో ఏపుగా పెంచింది. వస్తూపోతూ ఉండేవాళ్లకు మామ పేరు చెప్పి మరీ చూపిస్తోందట. మమ్మల్ని చూసి, "రాండి అన్నా, మీ మొక్క సూడండి ఎట్ల పూసిందో. వాసనే ఇంకా రాలేదు" అంది.

మామ చెప్పులు విడిచి వాకిట్లో నిలబడి, "రాదమ్మా. అది మాచిపత్రి కాదు. వయ్యారిభామ. నేను తెలీక ఇచ్చినా. మీ పిల్లోళ్ల ఒంటికి మంచిది కాదు. పీకేసి పోతా, ఏమనుకోవద్దు" అన్నాడు. అంత నిటారుగా తప్పు ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు. టీచరమ్మ కాసేపు ఆయన వైపూ మొక్క వైపూ చూసింది. "నేను మీ మాట మీద ఊరంతా చెప్తినే!" అని నవ్వేసింది. మామ నవ్వలేదు. మొక్కను సంచిలో కట్టి, తొట్టి చుట్టూ ఆమె వాకిలంతా వంగి వెతికి, ఇటుకల సందులో నాలుగు మొలకలు పట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రతి వానకూ పోయి వెతికి వచ్చేవాడు. ఆమె కాఫీ ఇస్తే, పని అయ్యాకే తాగేవాడు.

దాని గింజ మట్టిలో ఏళ్ల తరబడి పడుకుని ఉంటుందని మాకు తెలియదు. ఒక వానకాలమంతా తీసి, శుభ్రం అయిపోయిందనుకుని, అత్తను పంపమని కబురు పెడదామనుకునే వేళకు మళ్లీ వాన, మళ్లీ నేలంతా పచ్చటి చుక్కలు. నాకు బేజారు పుట్టింది. "మామా, నాపరాళ్లు పరిపిద్దాం. ఈ గొడవ ఒక్క రోజులో తీరిపోతుంది" అన్నాను. మా వైపు నాపరాళ్లకు కొదవా? మామ పీట మీద కూర్చునే నా వైపు తిరిగాడు. "రాళ్లు పరిస్తే పెరడు నున్నగుంటాది. మీ అత్త రాళ్లు సూసుకోనీకి వస్తాదా ఈడికి?" అన్నాడు. మళ్లీ ఆ మాట నేను ఎత్తలేదు.

బదులుగా ఆదోని నూనె మిల్లు దగ్గర నుంచి శనక్కాయ పొట్టు మూటలు బస్సు మీద వేసుకుని పోయాను. మల్లె మొదట్లో, నిమ్మ చుట్టూ దాన్ని మందంగా పరిచాక అక్కడ మొలకలు బాగా తగ్గాయి. గోడ అవతల ఎవరిదో ఖాళీ జాగా ఉంది. అక్కడ వయ్యారిభామ నడుము ఎత్తు లేచి, గాలికి గింజలు మా వైపు పంపుతోంది. మామ మూలింటి టీచరమ్మనూ, పక్కింటివాళ్లనూ పోగేసి, పూత రాకముందే దాన్ని పీకించాడు. ఆదోని రోడ్డు వెంట తిరిగి తంగేడు కాయలు ఏరుకొచ్చి, వానకు ముందు ఆ జాగా అంతా చల్లాడు. తంగేడు గుబురుగా లేస్తే దాని కింద వయ్యారిభామకు చోటు దొరకదని ఎవరో రైతు చెప్పాడట. ఇప్పుడు ఆ గోడ అవతల పచ్చగా పూసి ఉంటుంది తంగేడు. జాగా ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియదు.

ఈలోగా అత్త ఒళ్లు నెమ్మదిగా తేరుకుంది. ఆఖరుసారి డాక్టరుకు చూపించినప్పుడు మామ కూడా వచ్చాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెప్పాక మేం లేచి వస్తుంటే, మామ వెనక్కి తిరిగి, "సార్, మరువం ముట్టుకోవచ్చునా ఈమె?" అని అడిగాడు. అది వేరే జాతి, తులసికి చుట్టం, ముందు కొంచెం ముట్టుకుని చూడమనండి అన్నాడు డాక్టరు. ఉన్నట్టుండి మరువం ఎందుకు గుర్తొచ్చిందో నాకు అర్థం కాలేదు. అత్త అప్పటికే బయటికి పోయి చెప్పులు వేసుకుంటోంది, ఆమెకు వినిపించలేదు.

మామ మాట నిలబెట్టుకున్నాడు. తనే వచ్చి పిలుచుకుని పోయాడు. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. అత్త వంటింటి గడప దగ్గర ఆగింది. పెరడంతా దారాలు, దారాల మధ్య నల్లటి శుభ్రమైన నేల. చామంతి మడి లేదు, కరివేపాకు లేదు. మల్లె ఉంది. "అడుగు పెట్టు. నేను ఉండా కదా" అన్నాడు మామ. ఆమె పోయి మల్లె దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. మామ ఆ వైపు చూడకుండా పొయ్యిలో పుల్లలు సర్దుతూ నిలబడ్డాడు. ఆ తర్వాత కూడా ఆమె ఏ ఆకునూ వట్టి చేత్తో ముట్టుకునేది కాదు. మల్లెలు కోయడానికి కూడా చేతికి గుడ్డ చుట్టుకునేది. భయం పోలేదు. మామ మాత్రం పట్టెలు ఆపలేదు. మొలకలు తగ్గుతూ వచ్చినా, రోజూ ఎర్ర దారం ఒక గూటం నుంచి ఇంకో గూటానికి కదులుతూనే ఉంది.

మామ దినాలు అయిపోయాక ఇంట్లో పెద్ద మాటే నడిచింది. అత్తను ఆదోనికి తీసుకుపోదామని నా భార్య, మా అమ్మ ఇద్దరూ పట్టుబట్టారు. "వానొస్తే అది మల్లా మొలుస్తాది. తమ్ముడు లేడు. ఎవరు పీకుతారు? మల్లా ఒంటికొస్తే ఎట్ల?" అంది మా అమ్మ. వాళ్ల భయం అబద్ధం కాదు. అత్త "అంత చేసి నన్ను ఈడికి తెచ్చినాడు. నేను యాడికీ రాను" అంది. ఆ తర్వాత నా వైపు చూసింది. అడగలేదు. నేనే, "ఆదివారం ఆదివారం నేను వస్తా అత్తా. పీట యాడుందో నాకు తెలుసు" అన్నాను. అల్లుడు షాపు చూసుకుంటాడా కలుపు తీస్తాడా అని ఎవరో గొణిగారు. రెండూ చేస్తాడు.

మొన్న మొదటి వాన పడింది. ఆదివారం మొదటి బస్సుకే పోయాను. పొద్దు పొడుస్తోంది. దారాలు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. ఎర్ర దారం నిమ్మచెట్టు అవతల, గోడ దగ్గరి గూటానికి ఉంది. కాఫీ తాగి పెరట్లోకి పోతానన్నప్పుడు ఆయన పోవాలనుకున్నది అక్కడికే. పాల కవర్లు తొడుక్కుని పీట వేశాను. తల వంచి చూస్తే ఆ పట్టెలో మూడో నాలుగో మొలకలు. తిరగేసి చూసి, తీసేశాను. పట్టె చివర, నిమ్మచెట్టు నీడలో, ఒక పాత వెదురు గంప బోర్లించి ఉంది. ఎగిరిపోకుండా దాని మీద రాయి. ఆ గంపను నేను గుర్తుపట్టాను. చవితి నాడు పత్రి తెచ్చిన గంప.

రాయి తీసి గంప ఎత్తాను. కింద చిన్న మడి. అందులో మరువం మొక్కలు, పడుగు పోసినంత వరసగా. ఎండకు వాడిపోకుండా గంప నీడ పెట్టి, ఎవరికీ చెప్పకుండా పెంచాడు. ఆయన పోయాక నిమ్మచెట్టుకు అత్త పోసిన నీళ్లే వాటినీ బతికించినట్టున్నాయి. ఎందుకు చెప్పలేదో నాకు వెంటనే అర్థమైంది. ఒకసారి వాసన రాకముందే వీధంతా చాటిన మనిషి, ఈసారి వచ్చాకే చెబుదామనుకున్నాడు.

అత్తను పిలిచాను. ఆమె చేతికి గుడ్డ చుట్టుకుంటూ వచ్చి, దూరంగా నిలబడి, "ఏందది? ముందు తిరగేసి సూడు నాయనా" అంది.

తిరగేశాను. డాక్టరు దగ్గర మామ అడిగిన మాట చెప్పాను. తులసికి చుట్టమట, నువ్వు ముట్టుకోవచ్చునట అన్నాను. ఆమె చాలాసేపు ఆ మొక్కల వైపు చూసింది. తర్వాత గుడ్డ విప్పి కొంగులో దోపుకుంది. నా పక్కన గొంతుక్కూర్చుని, వట్టి వేళ్లతో ఒక ఆకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"వచ్చిందప్పా వాసన" అంది.

గంపను మళ్లీ మెల్లగా బోర్లించాను. ఎర్ర దారం విప్పి పక్క గూటానికి కట్టి, పీట జరుపుకుని, తల నేలకు వంచాను. ఆ పట్టెలో మొలకలు ఉన్నాయి. ఒక్కొక్కటే తిరగేసి చూస్తున్నాను. అత్త లేచి పోలేదు. వెనక నుంచి మరువం వాసన వస్తూనే ఉంది.